మీరాలం గాలి

బహదూర్‌పురా,
11-2-1975

తమ్ముడు ప్రకాశానికి,

అక్క చంద్రమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ బాపూ బాగానే ఉన్నాం. గోరఖ్‌పూర్‌లో నువ్వు వేళకు తింటున్నావో లేదో, నీ ఉత్తరం చూస్తే అనుమానంగా ఉంది.

బ్యాడ్మింటన్ రాకెట్టు అటక మీద పెట్టేశానని, వచ్చే నెల బొంబాయిలో ఇండియా జట్టు ఎంపికకు వెళ్లనని, ఇక రైల్వే ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటానని రాశావు. చదివి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మొన్నటి పోటీలో సొంత ఊళ్లో, మనవాళ్ల ముందు ఓడిపోవడం కష్టమే. అయినా ఓడినవాడు ఇంటికి రాకుండా నేరుగా స్టేషనుకు పోతాడా? నీకోసం పొద్దున్నే చేసిన చేపల పులుసు పక్కింటివాళ్లకు పంచాల్సి వచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ రోజు నీ ఆట నేను చూశాను. మూడో గేములో ఇంకొక్క పాయింటు చాలు నీకు. అప్పుడు ఎడమ గీత మీదికి కొట్టిన షటిల్ బెత్తెడు బయట పడింది. మళ్లీ అదే మూలకు కొట్టావు, మళ్లీ బయటే. గెలుపు దగ్గరికొచ్చేసరికి భయపడ్డాడన్నారు జనం. నువ్వూ అదే నమ్మి, నాలో దమ్ము లేదక్కా అని రాశావు. అది భయం కాదురా.

మన చర్చి ఆవరణలో నువ్వెప్పుడూ గోడవైపు నిలబడేవాడివి, నేను నీకెదురుగా. మీరాలం చెరువు మీది గాలి నీ ఎడమ నుంచి కొట్టేది. షటిల్ గీత మీద పడాలంటే నువ్వు బెత్తెడు అవతలికి కొట్టాలి, గాలే దాన్ని లోపలికి తెచ్చేది. చిన్నప్పటి నుంచీ నీకదే అలవాటు. తలుపులు మూసిన స్టేడియంలో గాలెక్కడిది? ఒంట్లో ఓపిక ఉన్నంతసేపు అది గుర్తుంచుకుని ఆడావు. అలిసిపోయాక నీ చెయ్యి నీ మాట వినకుండా మన చర్చి ఆవరణకు వచ్చేసింది.

ఇది మానే జబ్బే. ఆవరణలో చెరువు వైపు ఎవరిదో పెళ్లి వంటలకని ఎత్తుగా తడకలు కట్టారు, ఇంకా విప్పలేదు. ఇప్పుడక్కడ గాలి రాదు. సెలవు పెట్టి రా, బొంబాయి వెళ్లేదాకా రోజూ ఆడదాం. మునుపటిలా ఎదురుగా నేను నిలబడతా. కాస్త లావయ్యాను, చూసి నవ్వకు.

బాపు సంగతి ఫికర్ చేయకు. నువ్వు ఆట కోసం ఇల్లు విడిచిన నాడు అన్న మాటే ఇప్పటికీ అంటున్నాడు. పగలంత జూల పక్షుల ఈకలు ఊడుస్త, ఇంటికొస్తె నా కొడుకు గవే ఈకలు కొడ్తడు, గిదేం బతుకు అని. నీ ఊసెత్తితే చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఆయన కోసం వద్దు, నాకోసం రా.

నీ దారి చూసే
అక్క
చంద్రమ్మ

తా.క.: ఇంతవరకూ బాపు పక్కనే కూర్చున్నాడు. ఈ నాలుగు మాటలు పోస్టు డబ్బా దగ్గర నిలబడి, ఉత్తరం మడత మీద రాస్తున్నా. నీ ఆట చూసింది నేను కాదు. ఆ రోజు నాకు ఆసుపత్రిలో డ్యూటీ. చూసింది బాపు. జూ ఖాకీ చొక్కాతోనే పోయి వెనక వరుసలో కూర్చున్నాడట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. పోరనికి ఆట రాక కాదే, గా చెరువు గాలి వాని చెయ్యి ఇడుస్తలేదు అన్నాడు. మరునాడే చర్చి అయ్యగారిని అడిగి తడకలు కట్టాడు. పెళ్లీ లేదు, వంటలూ లేవు. నా పేరు రాస్తె వాడు మొండికేస్తడు, నువ్వే చూసినవని రాయి అని నా దగ్గర మాట తీసుకున్నాడు.

రోజూ జూ డ్యూటీ నుంచి వచ్చి ఆవరణలో మీరాడిన కోర్టు నడుమ నిలబడి బాపు అగ్గిపుల్ల గీస్తాడు. మంట వంగితే గాలి వచ్చే సందు వెతికి ఇంకో తడక కడతాడు. నిన్న నన్ను కేకేసి పిలిచి చూపించాడు. మంట నిటారుగా నిలబడింది.