పడవలో మీ తాత పిలిచే పేరు

కొరిన్‌కు,

శనివారం నువ్వు రాకముందే ఒక సంగతి చెప్పాలి. నిన్న మీ తాతను రిజర్వాయరుకు తీసుకెళ్లాను. ఒడ్డున ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. మోటారు మీద ఆయన చెయ్యి తడబడలేదు. రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కావలసినంత నెమ్మదిగా పడవ నడిపారు, వెనక గాలాలు సాగుతూ వచ్చాయి. చేప తగలగానే, "ఒరేయ్ వెండెల్, వల పట్రా! నిద్రపోతున్నావా?" అని కేకేశారు.

ఇదివరకు ఆయన ఇలా మీ నాన్నను పిలిచినప్పుడల్లా, వెండెల్ పోయి రెండేళ్లయిందని సరిదిద్దేదాన్ని. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. నిన్న "వస్తున్నా నాన్నా" అని నేనే వల అందించాను. ఆయన సంతోషంగా నవ్వారు.

శనివారం నిన్ను ఆ పేరుతో పిలిస్తే, పలుకు. చిన్నప్పుడు అబద్ధమాడినందుకు నిన్ను శిక్షగా గోడవైపు నిలబెట్టింది నేనే. అయినా అడుగుతున్నాను.

మీ నానమ్మ