పంపులో మిగిలిన సందు

బోధన్, నవంబర్ 2005, మంగళవారం

అక్క పోయి పన్నెండు రోజులు. దవాఖానలో ఆమె నడుము నుంచి విప్పి ఇచ్చిన ఇన్సులిన్ పంపును ఇవాళే సంచిలోంచి తీయగలిగాను. హైదరాబాద్‌లో మేం నలుగురు ఇంజనీర్లం కలిసి చేసిన నమూనా అది. అక్కకు రోజూ సూదుల బాధ తప్పుతుందని, ఆత్రంతో నేనే తెచ్చి కట్టాను.

మూత తీసి చూస్తే మందు గొట్టం పూర్తిగా లోపలికి దిగలేదు. గోరు పట్టేంత సందు ఉంది. మందు ఒక్క చుక్క కూడా కదల్లేదు.

అక్క గొట్టం ఎలా మార్చిందని అవ్వను అడిగాను.

"మెల్లగ పెట్టింది బిడ్డా. గట్టిగ నొక్కితే పలుగుతదన్నది. తెల్లారి కక్కుకుంటుంటే దవాఖానకు పోదాం పా అని నేనన్న. పచ్చ లైటు ఎలుగుతుంది గదనే, తమ్ముడు చేసిండు, మందు పోతనే ఉన్నదన్నది."

అక్కది ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన చేయి. ఆకు చినగకుండా మడవడమే ఆ వేళ్లకు తెలుసు. టక్‌మని చప్పుడు వచ్చేదాకా నొక్కాలని కాగితం మీద రాసిచ్చి ఊరుకున్నాను. గొట్టం సరిగా కూర్చోకపోతే పంపు నడవకూడదు కదా. ఆ మాట అప్పుడెందుకు తట్టలేదు? మేం నలుగురం బొటనవేలితో బలంగా నొక్కి, బాగుందనుకున్నాం...

అవ్వ పడుకున్నాక కొత్త గొట్టం తీశాను. బీడీ మూతి మడిచినంత మెత్తగా పెట్టి, టక్‌మనకముందే చేయి తీసేశాను.

పచ్చ లైటు వెలిగింది.