ఐరోపా గురించి పదిహేను నిమిషాలు

మౌంట్ ఆల్బర్ట్, ఆక్లాండ్
10 జులై 2016

శ్రీ వీరేశం గారికి,

నమస్కారాలు. పార్లమెంటులో ఎదురెదురు బెంచీల్లో కూర్చుని, బయటికొచ్చాక ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్ళం. ఇప్పుడు నీకు 'గారు' తగిలించాల్సి వచ్చింది. నువ్వు తెలంగాణ అన్నావు, నేను సమైక్యం అన్నాను. రాష్ట్రం విడిపోయిన రోజు మనం అనుకున్న మాటలు అలాంటివి మరి. రెండేళ్ళయింది. మేం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటాను.

నిన్న ఇక్కడి తెలుగువాళ్ళు నా చేత ఐరోపా మీద మాట్లాడించారు. విదేశాంగ శాఖలో సహాయమంత్రిగా చేసినవాణ్ణి కదా! పరిచయం చేసినాయన మాత్రం తరుణ్ వాళ్ళ డాడీ అన్నాడు. పిల్లల డాన్సుకీ భోజనాలకీ మధ్య పదిహేను నిమిషాలిచ్చారు.

బ్రిటన్ బయటికి పోతానన్నందుకు ఐరోపా పెద్దరికం పోలేదు, అదెప్పుడో జారిపోయింది అన్నాను. బ్రస్సెల్స్ నుంచి ఒక మాట వస్తే ఢిల్లీలో ఫైళ్ళు పట్టుకుని పరుగెత్తిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడు ఈ దేశపు పాలపొడి కూడా లండన్ మానేసి షాంఘై పడవెక్కుతోంది. ఐరోపాని ఇవాళ ఎవడూ తిట్టడు. అందంగా ఉందంటారు, ఫొటోలు దిగి వచ్చేస్తారు. పని అయిపోయిందనడానికి ఇంకేం గుర్తు కావాలి? మనుషులకీ అంతేనని అనబోయి ఊరుకున్నాను. అవతల అన్నం చల్లారుతోందట.

ఒక్కడైనా కాదన్నాడా! ఒకమ్మాయి సూపర్‌గా మాట్లాడారంకుల్ అంటూ చేతిలో బిర్యానీ ప్లేటు పెట్టింది. ఇంట్లోనూ ఇదే వరస. తరుణ్ సరే డాడీ అంటాడు, మనవరాలు ఓకే తాతా అంటుంది. ఏమన్నా ఓకేనే! నేను రెండో వాక్యం ఎత్తుకోకముందే అబద్ధం అని బల్ల గుద్దేవాడివి నువ్వు. స్పీకర్ కూర్చోమన్నా కూర్చునేవాడివి కాదు. ఛీ, ఈ వయసులో నీ అరుపు కోసం మొహం వాచి ఉన్నాను.

ఇట్లు,
నీకు ఇంకా ఎదుటిపక్షమే అయిన
శ్రీరామచంద్రమూర్తి

తా.క.: నిన్ను చూడనట్టు రాశాను. చూశాను. ఈ ఊళ్ళోనే ఉన్న మీ అమ్మాయి శ్రీజ దగ్గరికి వచ్చావని తరుణ్ ముందే చెప్పాడు. ఆఖరి వరుసలో మంకీ క్యాపు పెట్టుకుని కూర్చున్నావు. అందుకే, విడిపోయినవాడు బాగుపడినట్టు చరిత్రలో ఎక్కడా లేదని నీ వైపే చూస్తూ గట్టిగా అన్నాను. ఆ మాట నేను నమ్మనని నీకు తెలుసు. లేస్తావని ఆగాను కూడా. నువ్వు అందరితో పాటు చప్పట్లు కొట్టావు. ఎంత కోపముంటే మాత్రం నాకు అంత మర్యాద చేస్తావట్రా?