నెట్ పోయినా ఆగని పాట

జూన్ 14, ఆదివారం

చిట్టికి అమ్మమ్మ రాస్తున్నది.

నిన్న పెళ్లి హాల్లో నెట్ పోయి పాట మధ్యలో ఆగిందనీ, ఇక డీజే పని మానేస్తానన్నావనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు ఫోను తీయడం లేదు కాబట్టి ఈ ఉత్తరం మామయ్యతో పంపుతున్నాను. హాలు యజమాని వచ్చే శనివారం ఇంకో అవకాశం ఇస్తానన్నాడట. దాన్ని వదులుకుంటానంటే నేను ఒప్పుకోను.

పొద్దున్నుంచి నా కంప్యూటర్లో మూడు డీజే సాఫ్ట్‌వేర్లు వేసి, పాట నడుస్తుండగా నెట్ వైరు పీకి చూశాను. నువ్వు వాడేదీ, మామయ్య మెచ్చుకున్నదీ నోరు మూసుకున్నాయి. మూడోది మాత్రం కంప్యూటర్లో దాచిన పాటలతో ఆగకుండా వాయించింది.

"చూడ్డానికి ముసలిదానిలా ఉందమ్మా" అన్నాడు మామయ్య.

"నిలబడింది కదరా" అన్నాను.

ఇక జరగవలసినవి:

1. మామయ్య తెచ్చే పెన్‌డ్రైవ్‌లో మూడోది ఉంది. ఇవాళే వేసుకో.
2. పాటలన్నీ కంప్యూటర్లోకి దించుకో.
3. శనివారం నీ మొదటి పాటకు నేనే లేచి ఆడతాను. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను, పాట సంగతి నువ్వు చూడు.