సుధ పరీక్ష, నా వంట

ఫిబ్రవరి 8, 2009. ఆదివారం. బెంటన్‌విల్, అమెరికా.

నిర్ణయం అయిపోయింది. రేపటి నుంచి సోమ నుంచి శుక్ర దాకా రాత్రి వంట నాది.

కారణం: మార్చి 6న మా ఆవిడ సుధకి డెంటల్ లైసెన్సు పరీక్ష, మొదటి భాగం. గుంటూరులో మూడేళ్ళు జనం పళ్ళు పీకిన మనిషి. ఇక్కడికొచ్చి ఐదేళ్ళుగా నాకూ మా అమ్మాయి రిషితకీ పప్పు వండుతోంది. ఇది పాసైతేనే ఇక్కడి కాలేజీకి అప్లై చేయడం కుదురుతుంది. అందుకని ఆరు నుంచి తొమ్మిది దాకా గది తలుపేసుకుని చదువుకో, వంటింటి వైపు చూడకు అన్నాను.

"మీకు వంట వచ్చా?" అంది.

"ఎమ్మెస్‌లో రెండేళ్ళు నలుగురికి వండాం" అన్నాను. వండింది రూమ్మేట్ రవికుమార్. నేను అంట్లు తోమేవాణ్ణి. ఆ వివరం ఇప్పుడెందుకు.

రూల్స్:
ముప్ఫై నిమిషాలు దాటకూడదు.
ఒక కూర, పప్పో చారో ఒకటి. అంతే.
శుక్రవారం మాత్రం కాస్త విలాసం.

మొత్తం ఇరవై రాత్రులు. ఎక్సెల్‌లో మెనూ వేశాను. కూరలకి పచ్చరంగు, పప్పులకి పసుపు.

ఫిబ్రవరి 9, సోమవారం

6:05 బియ్యం, పప్పు కుక్కర్‌లో.
6:20 టొమాటోలు తరిగాను. వేలు కూడా, కొంచెం.
6:45 పోపు. ఇంగువ మర్చిపోయాను. ఎవరూ కనిపెట్టలేదు.
7:00 భోజనం.

ముప్ఫై కాదు, యాభై అయిదు నిమిషాలు. మొదటి రోజు కాబట్టి లెక్కలోకి రాదు. రిషిత నెయ్యేసుకుని రెండోసారి పెట్టించుకుంది. సుధ నలభై పేజీలు చదివానంది. ఐదేళ్ళలో దాని మొహంలో ఇంత వెలుగు చూడలేదు. నాకు భలే సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 11, బుధవారం

కోడిగుడ్డు పులుసు. ముప్ఫై అయిదు నిమిషాలు. గుడ్డు పెంకులు ఒలవడం ఒక్కటే నన్ను వెనక్కి లాగింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

విలాసం: బంగాళాదుంప వేపుడు, వెన్న వేసి. తర్వాత ఐస్‌క్రీం, విడిగా. వంట ఇంత తేలికని ఆడవాళ్ళు తరతరాలుగా మన దగ్గర ఎందుకు దాచారో తెలియదు. ఇదే మాట సుధతో అన్నాను. పుస్తకంలోంచి తలెత్తకుండా "పొయ్యి తుడిచారా?" అంది.

ఫిబ్రవరి 17, మంగళవారం

క్యాబేజీ. వారంలో మూడోసారి. కొన్నది చాలా పెద్దది, తరిగేకొద్దీ పెరుగుతోంది.

"నాన్నా, అగైన్ క్యాబేజ్?" అంది రిషిత.

"ఇందులో ఈసారి కొబ్బరి ఉంది తల్లీ."

"కొబ్బరి నో. క్యాబేజ్ నో."

పెరుగన్నం తిని లేచింది. పిల్లలకి రుచి తెలియదు.

ఫిబ్రవరి 18, బుధవారం

సాయంత్రం 5:50కి ఇండియాలోని ఆఫ్‌షోర్ టీం వాళ్ళు ఆఫీసు కాల్ పెట్టారు. కారు పార్క్ చేసేసరికి 7:10. పోయిన నెల మంచు తుఫానుకి విరిగిన కొమ్మల గుట్ట పక్కనే నళిని గారు కనబడ్డారు. మా పైఫ్లోరు, కరీంనగర్ వాళ్ళు. వంట ఇంకా మొదలుపెట్టలేదని నోరు జారాను.

"అన్నా, అడగాలె గని" అని పైకెళ్ళి గుత్తివంకాయ కూర స్టీలు గిన్నెలో తెచ్చిచ్చారు.

కూర నా మూకుడులోకి మార్చి, పొయ్యి మీద రెండు నిమిషాలు కలియబెట్టాను. గిన్నె కారు డిక్కీలో పెట్టాను.

"వంకాయ బాగుంది. గుత్తులుగా ఎప్పుడు కోశారు?" అంది సుధ.

నేను నవ్వాను. నవ్వు అబద్ధం కిందికి రాదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

గిన్నె తిరిగివ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు. అలా ఇచ్చానని తెలిస్తే మా అమ్మ ఫోన్‌లోనే చెవి మెలిపెడుతుంది. కుకీల పాకెట్ విప్పి, గిన్నెలో పేర్చి ఇచ్చాను. ఇంతటితో సరి.

సరి కాలేదు. అరగంటకి ఆవిడ తలుపు కొట్టారు. చేతిలో రెండు గిన్నెలు. ఒకదాంట్లో పులిహోర, ఒకదాంట్లో చికెన్ వేపుడు. "కుకీలు మా పిల్లలు మస్తు తిన్నరన్నా" అన్నారు. సుధ గదిలో ఉంది కాబట్టి బతికిపోయాను.

ఈ రోజు విలాసం దానంతటదే వచ్చింది. నా తప్పేం లేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

మాట బిల్డింగ్ అంతా పాకింది. సుధ పరీక్ష సంగతి ఎవరికీ తెలియదు, తను చెప్పుకోదు. వాళ్ళకి తెలిసిందల్లా గోపీనాథ్ పాపం ఇంటికొచ్చి క్యాబేజీ తరుగుతున్నాడని. పక్క బ్లాకు పద్మిని గారు పప్పుచారు పంపారు. ఆవిడ ఎదురింటివాళ్ళు దొండకాయ వేపుడు.

నేను పొయ్యి వెలిగించి ఐదు రోజులైంది. ఎవరి దగ్గర ఏ రోజు ఏది వస్తుందో చూసుకోవడం కూడా పనే. దాన్ని మేనేజ్‌మెంట్ అంటారు.

సుధ చదువు: రోజుకి మూడు గంటలు. అసలు సంగతి అదీ.

ఫిబ్రవరి 27, శుక్రవారం

డిక్కీలో గిన్నెలు: ఏడు. స్పీడ్ బంప్ ఎక్కితే పెళ్ళి భోజనాల చప్పుడు. ఏడిట్లోనూ ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలి. కుకీలు రెండోసారి చెల్లవు. వీకెండ్‌లో ఆలోచిద్దాం.

మార్చి 1, ఆదివారం

సుధ పాలు తేవడానికి నా కారు తీసుకెళ్ళింది.

1:20 తిరిగొచ్చింది. ఏడు గిన్నెలూ వరసగా కౌంటర్ మీద పెట్టింది. ప్రతి గిన్నె మీదా పేరు చెక్కి ఉంది. కె. నళిని. పద్మిని. ఇంకొకదాని మీద ఎవరి అత్తగారి పేరో.

నా వంట గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఇవి వచ్చి ఎన్నాళ్ళైంది?"

"వారం. కొన్ని ఇంకా ఎక్కువే."

"వారం రోజులు గిన్నెలు ఉంచేసుకున్నామా? వాళ్ళేమనుకుంటారండీ?"

రెండింటికి తనకి ప్రాక్టీస్ టెస్టు ఉంది. నాలుగు గంటల టెస్టు, బయోకెమిస్ట్రీతో కలిపి, పరీక్షకి ముందు ఆఖరిది. కంప్యూటర్ మూసేసి చీర కొంగు బిగించినట్టు స్వెట్టర్ చేతులు పైకి మడిచింది. రవ్వ వేయించడం మొదలుపెట్టింది.

నేను చేస్తానన్నాను. "మీరు చేసింది ఇన్ని ఇళ్ళకి పంపలేం" అంది. జీడిపప్పు విరవడం మాత్రం ఇచ్చింది.

6:30 ఏడు గిన్నెల నిండా రవ్వలడ్డూలు. సుధ నడుం పట్టుకుని కూర్చుంది. "బయోకెమిస్ట్రీ రేపు చూస్తాలెండి" అంది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

మార్చి 2, సోమవారం

లడ్డూలు పంచడానికి ఏడు గిన్నెలతో వెళ్ళాను. నాలుగిళ్ళలో "ఆగండి" అన్నారు. నాలుగు నిండు గిన్నెలతో తిరిగొచ్చాను.

సుధ వాటిని చూసి సోఫాలో కూలబడింది.

మార్చి 3, మంగళవారం

6:00 నాలుగు గిన్నెలూ తోమి, తుడిచి, ఖాళీవి పట్టుకుని బయల్దేరాను. జన్మలో చేయని పని. ముందు నళిని గారి తలుపు కొట్టాను.

"ఖాళీ గిన్నె ఇస్తున్నానండీ. తప్పే. శుక్రవారం సుధకి పరీక్ష. వంట నా వల్ల కాక మీ దగ్గర తీసుకున్నాను, తనకి చెప్పలేదు. ఇంక ఏమీ పంపకండి."

ఆవిడ గిన్నె వంక చూశారు, నా వంక చూశారు.

"అయ్యో అన్నా, ముందుగాల చెప్పద్దా? ఆ లడ్డూలు జూసి, నిన్న పంపింది సాలదు, ఇంకేం జేసి పంపాలె అని పొద్దటి సంది పరేషాన్‌ల ఉన్న."

మిగతా మూడిళ్ళలోనూ ఇంచుమించు ఇదే. పద్మిని గారైతే "అమ్మయ్య" అని పైకే అనేశారు.

రాత్రి: అన్నం, ఆవకాయ, ఆమ్లెట్టు. అందరం మొన్నటి లడ్డూల అలసటలోనే ఉన్నాం.

మార్చి 6, శుక్రవారం

సుధ సాయంత్రం పరీక్ష సెంటర్ నుంచి బయటికొచ్చింది.

"ఎలా ఉంది?"

"అన్నీ బాగానే. బయోకెమిస్ట్రీ కాస్త ఏడిపించింది."

పిజ్జా తిన్నాం. రిషిత నాలుగు ముక్కలు లాగించింది. ఇరవై రాత్రుల్లో నేను నిజంగా వండినవి పదకొండు. సోమవారం నుంచి వంట మళ్ళీ సుధ చేస్తానంది. నేను వద్దనలేదు. అది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

మార్చి 30, సోమవారం

పోస్టులో రిజల్ట్ వచ్చింది. పాసవడానికి డెబ్భై అయిదు రావాలి. సుధకి డెబ్భై నాలుగు.

ముందు నవ్వింది. కాగితం ఫ్రిజ్ మీద పెట్టి బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పింది. పది నిమిషాలు నీళ్ళ చప్పుడు. రిషిత "అమ్మ వాట్ డూయింగ్?" అంది. మొహం కడుక్కుంటోందన్నాను.

బయటికొచ్చాక చెప్పాను. "ఆ ఆదివారం పోయిందే, అది నా వల్లే."

"అవును" అంది.

కాదులెండి అంటుందని ఎక్కడో ఆశ ఉన్నట్టుంది నాకు. అనలేదు. అనకపోవడమే న్యాయం. కాసేపటికి తనే "జూన్‌లో మళ్ళీ రాయొచ్చు" అంది.

లెక్క చూశాను. పరీక్షకి ముందు యాభై వీక్‌నైట్లు.

రూల్స్:
యాభై రాత్రులూ వంట నాది.
ఎంతసేపు పట్టినా పట్టనీ.
కాలిపోతే కాలిపోయిందే తింటాం.
పక్కింటి కూర గుమ్మం దాటి లోపలికి రాదు.
క్యాబేజీ వారానికి ఒక్కసారే. ఇది రిషిత రాయించింది.

6:10 బియ్యం కడిగాను. సుధని గదిలోకి పంపి తలుపు వేశాను.
6:30 చారు మరిగింది. అప్పడాలు వేయించాను. రెండు మాడాయి.
7:05 సుధకి పళ్ళెం లోపలికే తీసుకెళ్ళాను. ఒక ముద్ద తిని ఆగింది.

"ఉప్పు ఎక్కువైందా?" అన్నాను.

"బాగా ఎక్కువైంది" అంది. ఇంకో ముద్ద కలుపుకుంది. "ఇది మాత్రం మీరే చేశారు."

ఎడం చేత్తో బయోకెమిస్ట్రీ పుస్తకం మొదటి పేజీ తిప్పింది.