గట్టు మీద చివరి మనిషి

డిసెంబర్ 12, 2004, ఆదివారం
ఏలూరు

ఈరోజు మా స్కూలు టీచర్లమంతా కొల్లేటికోట దగ్గర చేపల చెరువు గట్టు మీద నడిచాం. కొత్తగా చేరిన పద్మ టీచర్ మాతో మొదటిసారి వచ్చింది. మంచుకి తడిసి గట్టంతా జారుతోంది. పక్షుల్ని చూడాలన్న ఆత్రంలో మావాళ్ళు గబగబా పోతుంటే ఆమె వెనకబడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అందరినీ ఆపి ఆమెను ముందుకు తీసుకొచ్చాను.

“అయ్యో, నావల్ల అందరికీ ఆలస్యమండీ” అంది.

“నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందుండాలండీ. అప్పుడే ఎవరూ వెనకబడరు” అన్నాను.

అది నా మాట కాదు, మాతో పనిచేసిన డ్రాయింగ్ మాస్టారు కరీం గారిది. అందరిలో నెమ్మది నడక నాదని, ఇక్కడున్న మూడేళ్ళూ నన్నే ముందు నడిపించి, ఆయన చిట్టచివర వచ్చేవారు. ఎదురుగా మేత బస్తాతో సైకిల్ వస్తే, “కాస్త పక్కకి దిగండి, బరువుతో వచ్చేవారికి దారివ్వాలండీ” అని వెనకనుంచి ఆ గొంతు వినిపించేది. ఆయన తాడేపల్లిగూడెం బదిలీ అయి ఏడు నెలలైంది. రైలెక్కితే గంట కూడా పట్టదు. కానీ ఏమని చెప్పి వెళ్ళను?

ముందుండేదాన్ని కనుక ఆయన నడక నేనెప్పుడూ చూడలేదు. కొంగల్నీ కొల్లేటినీ చూస్తూ తీరిగ్గా వస్తారనుకునేదాన్ని. ఈరోజు ఆయన చోట, చిట్టచివర, నేను నడిచాను. తలమీదుగా ఎన్ని పక్షులు ఎగిరాయో తెలీదు. జారుతుందేమోనని, అందరి పక్కనుంచీ తొంగి చూస్తూ, దారంతా ముందున్న పద్మ పాదాల మీదే నా కళ్ళు.

అంటే మూడేళ్ళూ ఆయన కొల్లేటిని చూడనే లేదన్నమాట.