గాలి బాగుందట

అక్కకి,

ముందు మేమిద్దరం క్షేమం అని రాయాలి కదా, రాశాననుకో. నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తున్నా. ఫోన్లో మాట్లాడదామంటే బావ పక్కనే ఉంటాడు, అందుకే ఈ గీతలు. నవ్వకు, బడి ఎగ్గొట్టినవాడి రాత ఇలాగే ఉంటుంది.

నువ్వడిగినవన్నీ చెప్తా. నువ్వు అల్లిన స్వెట్టర్ బావకి వదులైంది. పాత కొలతకే అల్లావు మరి. వంట నేనే. అచ్చం నీ చేతివంటలా ఉందంటాడు బావ. అబద్ధాలు బాగా నేర్చాడు.

బావ కుంటుతున్నాడని లారీ డ్రైవరు చెప్పాడట, నిజమేనా అన్నావు. కుంటడం కాదక్కా. మొన్న రోడ్డు మీద కాలి చెప్పు జారిపోతే తెలియక అలాగే నడుస్తున్నాడు. వెనక నుంచి నేను తీసుకెళ్లి ఇచ్చా. "బూట్లు చేసేవాడి కాలికి చెప్పు నిలవట్లేదు చూడరా!" అని పగలబడి నవ్వాడు. 

ఈ బూట్ల ఫ్యాక్టరీలో బావది జిగురు బల్ల. రోజంతా డబ్బా మీదికి వంగి బూటు అడుగులకి జిగురు రాయాలి. ఆ వాసన నరాల్ని తినేస్తుందని పాతవాళ్లంటారు. అందరం గోల చేస్తే గాలి కొలిచేవాళ్లు వచ్చారు. విషం ఎక్కువుందని తేలితే బల్ల మీద వాసన లాగేసే ఫ్యాను పెడతామన్నారు. కొలిచే పరికరమంటే నడుముకి చిన్న మోటారు, కాలర్ దగ్గర గాలి లాక్కునే గొట్టం. ఒక్క మనిషికే తగిలిస్తారు. అతను పీల్చిందే అందరి లెక్క.

ఇది చెప్పలేకే ఇంతసేపు సాగదీశా. అది తగిలించింది నాకే.

సూపర్‌వైజర్ భుజం తట్టి, "నువ్వే వేసుకోరా హీరో, నీకు ఒక్కచోట కాలు నిలవదుగా, అంతా తిరిగిరా" అన్నాడు. పొంగిపోయా. అందరికీ చూపించుకుంటూ గేటు దాకా, క్యాంటీన్ దాకా, లారీల దాకా తిరిగా. బావ కేకేశాడు కూడా: "ఏం డాక్టరుగారూ, మా బల్ల దగ్గరికీ ఓసారి దయచేయండి!" చెయ్యూపి వెళ్లిపోయా.

గాలి బాగుందని బోర్డు మీద కాగితం అంటించారు. ఇక ఫ్యాను లేదు.

బావకి తగిలించి మళ్లీ కొలవమని కాళ్లావేళ్లా పడ్డా. "కొలిచాంగా, పో" అన్నాడు సూపర్‌వైజర్. కంపెనీ డాక్టరేమో, "గాలి బాగుందన్నారుగా, మరి మీ బావకి ఈ జబ్బు జిగురు వల్ల ఎందుకొస్తుంది?" అన్నాడు. నేను పీల్చిన గాలితో బావ నోరు మూశారక్కా.

పోనీ, నా పెట్టెలు నువ్వు ఎత్తు, జిగురు నేను రాస్తానని బావతో అన్నా. "పెట్టె పట్టుకుంటే చేతిలోంచి జారిపోతోందిరా. నేను కూర్చుని చెయ్యగలిగేది అదొక్కటే" అన్నాడు. "పైగా నీకేమన్నా అయితే మీ అక్క నన్ను గడప తొక్కనిస్తుందా?"

నువ్వు ఇంటికి రమ్మని పిలువు. నీ మాటైతే వింటాడేమో. నేను రాశానని చెప్పకు. కాదులే, చెప్పు. తిడితే తిట్టనీ.

డ్యూటీకి తయారవుతున్నాడు. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టేటప్పటికి చొక్కా తొడుక్కున్నాడు. సాయం పట్టబోతే కసురుతాడు. ఇంకా పై గుండీ దగ్గరే ఉన్నాడు.

ఇట్లు,
నీ చేతుల మీద పెరిగిన తమ్ముడు